ముల్లంగులు దించిన రోజు

ఎచిగో కొండల్లో ఏ ఏడు ఎంత మంచు పడుతుందో ముందే తెలిసేది ఇద్దరికే: గొల్లభామ పురుగుకు, తోకుజీకి. గొల్లభామ మంచులో మునగనంత ఎత్తు చూసుకుని కొమ్మకు గుడ్లగూడు అంటిస్తుంది. తోకుజీ ఆ ఎత్తు చూసి ఊరికి కబురు చెబుతాడు. దానికి సొంత కోతలు కలుపుతాడనుకోండి, అది వేరే సంగతి. ఒక ఏడు చెట్ల కొసలదాకా పేరుకున్న మంచు మీద నడుస్తుంటే కాలు కాకిగూట్లో పడిందట. "ఇంట్లోకొచ్చేటప్పుడు చెప్పులు విప్పాలని తెలీదా?" అని కాకి కసిరిందట.

ఆ శరత్కాలం చివర తోకుజీ పెరట్లో మల్బరీ కొమ్మ మీద గూడు మోకాలెత్తున కనబడింది.

"ఈసారి మంచు లేదర్రా. పిల్లికాళ్లు తడిస్తే గొప్ప!" అని చాటేశాడు.

పొరుగింటి కిసాకు అప్పుడు తన బేరిచెట్టు పక్కన గుంజ పాతుతున్నాడు. మంచు బరువుకు విరగకుండా ఏటా ఆ గుంజ కొన నుంచి ప్రతి కొమ్మకూ గడ్డితాడు కట్టేవాడు. భార్య హరునో కాపురానికొచ్చిన ఏడు నాటిన చెట్టది. ఆమె పోయాక అతను మాట్లాడేదల్లా దానితోనే.

"ఏరా కిసాకు, చెట్టుకి జడలేస్తున్నావా? పెళ్లికూతుర్ని చేసి ఎవరికిస్తావు?" అన్నాడు తోకుజీ.

"నా చెట్టు, నా ఇష్టం. ఇంటినిండా కంపుపురుగులు దూరాయిరా. అవి దూరితే మంచు గట్టిగా పడుతుంది."

"ఆ కంపు నీ కాలిజోళ్లది! పాపం పురుగుల మీద పెడతావేం?"

దారిన పోయే ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. కిసాకు చెవులు ఎర్రబడ్డాయి. తాళ్లు చుట్టేసి అటక మీద పడేశాడు.

కొన్నాళ్లకు తోకుజీ భార్య ఒమాత్సు, ఊరబెట్టే ముందు ఎండాలని అదే మల్బరీ కొమ్మకు వేలాడదీసిన ముల్లంగి దండలు దించింది. చివరి దండ దిగగానే కొమ్మ రివ్వున పైకి లేచింది. దాంతో పాటు గొల్లభామ గూడు కూడా లేచి, తోకుజీ నెత్తి దాటి ఆగింది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నారు?"

"ఏం లేదే. ముల్లంగులు బాగా ఎండాయి."

ఇన్నాళ్లూ తను కొలిచింది ముల్లంగుల బరువునన్నమాట. గోడ దాటి కిసాకుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పులేసుకుని వాకిలిదాకా వెళ్లాడు కూడా. కానీ ఊరంతా ముల్లంగి జోస్యమని వసంతం దాకా నవ్వుతారేమోననిపించింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

తెల్లారేసరికి మంచు మొదలైంది. ఇక ఆగలేదు. కిసాకు తాళ్లు దించేలోపే చెట్టు సగం మునిగిపోయింది. తోకుజీ తన ఇంటికప్పు మీద మంచు తోస్తుండగా కిసాకు పెరట్లోంచి ఫెళ్లుమని చప్పుడైంది. చేతిలో పార అక్కడే ఆగిపోయింది.

కిసాకు ఒక్క తిట్టూ తిట్టలేదు. "గొల్లభామ కూడా నీలాగే ముసలిదైపోయిందిరా," అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

మరుసటి శరత్తుకు బేరిమొద్దు పక్కనుంచి సన్నని కొమ్మ ఒకటి లేచింది. పిలవకుండానే తోకుజీ గడ్డితాళ్లు పట్టుకుని వచ్చి, దాని ముందు కూర్చుని కట్టసాగాడు.

"ఈ పుల్లకి ఇన్ని తాళ్లా? ఇప్పుడు జడలు నువ్వేస్తున్నావే!" అన్నాడు కిసాకు. "ఏమంటోంది మీ గొల్లభామ?"

"చూడలేదు."

"చూడలేదా! ఒంట్లో బాగాలేదేంట్రా?" కిసాకు పక్కనే చతికిలబడ్డాడు. "పోనీ ఏదన్నా ఒక అబద్ధం చెప్పు. ఆ కాకి సంగతే చెప్పు. నాకిప్పుడు కబుర్లకి ఎవరున్నారు?"

తోకుజీ నోరు తెరిచాడు. ముల్లంగుల సంగతి గొంతుదాకా వచ్చి అడ్డంపడింది. కాకి కథ దాని వెనకే ఇరుక్కుపోయింది. వంచిన తల ఎత్తకుండా ఇంకో ముడి వేశాడు.