గుమ్మం గీసివ్వు

సంచమ్మ అసలు పేరు ఆమె పాఠకుల్లో చాలామందికి తెలియదు. తిరిగిన ఊళ్లన్నిటినీ బొమ్మల కథలుగా గీసి పుస్తకాలు వేసే ఆ కార్టూనిస్టు, ప్రతి గడిలోనూ తనను తాను ఒంటికన్నా పెద్ద సంచి మోసే పొట్టి మనిషిలా గీసుకుంటుంది. అందుకే ఆ పేరు అతుక్కుపోయింది. రైలు తప్పిపోయినా, బస్సులో వాంతి చేసుకున్నా, లాడ్జివాడితో పోట్లాడి ఓడిపోయినా దాచుకోదు. పైగా ఎక్కడ మైకు దొరికితే అక్కడ, "ముఖాలు మారుస్తాను గానీ మాటలు మార్చను" అని చెబుతుంది. ఎవరేమన్నారో అన్నది అన్నట్టే మాటల బుడగలో పెట్టాలట, లేకపోతే అది జ్ఞాపకమే కాదట. వినడానికి గొప్పగానే ఉంటుంది. అంత తెలివైన మనిషీ ఆ పట్టింపుతోనే కొంప మీదికి తెచ్చుకుంది.

కొత్త పుస్తకం వచ్చాక ఒక పుస్తకాల షాపువాళ్లు సంతకాల కార్యక్రమం పెట్టారు. అడిగినవాళ్లకు సంతకం కింద చిన్న బొమ్మ గీసివ్వడం సంచమ్మకు అలవాటు. పిల్లి కావాలన్నవాళ్లకు పిల్లి, రైలింజను కావాలన్నవాళ్లకు రైలింజను. మధ్యాహ్నం ఎండలో వరుస వీధిలోకి సాగింది. ఆమె తలవంచుకుని, ఒకరి పుస్తకం అవగానే మరొకరిది లాక్కుని, "ఏం గీయమంటారు?" అంటూ హుషారుగా గీసేస్తోంది.

"ఏం మరదలా, బాగున్నావా?"

పెన్ను అక్కడికక్కడే ఆగిపోయింది. తలెత్తి చూస్తే బావ. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో పుస్తకం.

పెద్దమనిషిలా నిలబడ్డాడు గానీ, అక్క మెడ మీద వేళ్ల అచ్చులు వేసింది ఆ చేతులే. పోలీసుల దగ్గరికి వెళితే, మొగుడూ పెళ్లాల గొడవ మీరే చూసుకోండి అని పంపేశారు. అక్క కట్టుబట్టలతో బయటపడి, దూరపు ఊళ్లో పేరు మార్చుకుని, ఒక టైలరు షాపులో బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. "కనబడిన రోజు దాని చావు నా చేతుల్లోనే" అని బావ బంధువులందరి ముందూ అన్నాడు. ఉత్తుత్తి మాటలనే రకం కాదు. అక్క ఎక్కడుందో ఈ భూమ్మీద తెలిసింది సంచమ్మ ఒక్కదానికే.

"బాగున్నాను బావగారూ," అంది.

"పుస్తకం బ్రహ్మాండంగా ఉంది. ఈ ముసలావిడైతే మరీను." అతను ముందే మడత పెట్టుకొచ్చిన పేజీ తెరిచాడు.

ఆ పేజీలో ఒక బోసినోటి ముసలావిడ, సంచమ్మకు కిటికీ పక్కన పక్క వేస్తూ ఉంటుంది. నిజానికి ఆ పక్క వేసింది అక్క. అక్కను దాచడానికే ముసలావిడను పుట్టించింది. ముక్కు మార్చింది, ఒళ్లు మార్చింది, ముప్పై ఏళ్లు వయసు కలిపింది. ఎంత బాగా దాచానో అని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

అతని వేలు ముసలావిడ ముఖం మీద లేదు. పైనున్న బుడగ మీద ఉంది. *కబుర్లు చాలుగానీ, తిని పడుకోవే గిలకా.*

చిన్నప్పుడు సంచమ్మ గొంతు నూతి గిలకలా కీచుమనేది. ఆ పేరు అక్క పెట్టింది. అక్క తప్ప ఇంకెవరూ అలా పిలవరని బావకూ తెలుసు. ఆ రాత్రి అక్క అన్న మాటను అన్నట్టే, ముచ్చటైన అక్షరాలతో బుడగలో దించేసింది. అచ్చుకు ముందు ఎన్నిసార్లు దిద్దినా ఆ ఒక్క మాట ఆమె కంటికి ఆనలేదు.

"నిన్ను గిలకా అనే ముసలావిళ్లు ఎంతమంది ఉన్నారు మరదలా?" అన్నాడు చాలా మెల్లగా.

"అది... ఊరికే... కల్పించాను."

"నువ్వా! కల్పించావా!" నవ్వాడు.

వెనక నిలబడ్డ అమ్మాయి, పాపం, సాయం చేస్తున్నాననుకుని, "మేడమ్ కల్పించరండీ, అన్నీ జరిగినవే గీస్తారు," అంది.

"విన్నావా?" బావ టేబుల్ మీదికి వంగాడు. అతని ఊపిరి ఆమె నుదుటికి తగులుతోంది. "రైలెక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ప్రతి స్టేషనూ గీశావు. వంతెన గీశావు, దానికింద బేకరీ గీశావు. ఈ రాత్రి బండికే బయల్దేరుతున్నాను. ఒక్కటే లోటు. ఇల్లు లోపల్నుంచి చూపించావు గానీ వీధిలోంచి చూపించలేదు. ఆ గుమ్మం గీసివ్వు."

సంచమ్మ అరుద్దామనుకుంది. అరిచి ఏం చెప్పాలి? ఈయన నన్ను బొమ్మ అడిగాడు అనా? గీయనంటే ఆ ఊరు వెళ్లి బేకరీ దగ్గర నిలబడి ఆరా తీస్తాడు. కొత్తగా వచ్చిన ఒంటరి ఆడమనిషి ఇల్లేదంటే ఎవరైనా వేలు చూపిస్తారు. చేతిలో బొమ్మ ఉంటే మాత్రం ఎవరినీ అడగడు, తిన్నగా ఆ బొమ్మలోని చోటికే వెళతాడు. అందాకా అక్కకు వ్యవధి దొరుకుతుంది. బుర్ర అంతవరకూ పనిచేసింది.

పెన్ను పేజీ మీద పెట్టింది. పెట్టగానే చేతికి తోచింది అక్క గుమ్మమే: నీలం తలుపు, సగం విరిగిన గొళ్లెం, పక్కనే ఆరేసిన జాకెట్లు. చెయ్యి దానంతటదే అటు పోతుందేమోనని హడలిపోయింది. చూడనిది ఆమె ఎన్నడూ గీసి ఎరగదు. లేని గుమ్మాన్ని పుట్టించబోతే గీత తడబడుతుంది, అతను పట్టేస్తాడు. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటుండగా, ఆ ఊరి రెండో కొసన మూతపడ్డ హాస్టల్ గుర్తుకొచ్చింది. ఒక పూటంతా దాని ఎదురుగా కూర్చుని గీసింది, చోటు చాలక పుస్తకంలో వెయ్యలేదు.

ఆ గుమ్మాన్నే గీసింది. తుప్పుపట్టిన పోస్టుడబ్బా, అంచు విరిగిన మెట్టు, ఒక పక్కకు వాలిన రేకు. చెమట చుక్క టప్పున రాలి సిరా మీద పడింది. అతను చూస్తూనే ఉన్నాడు. తలుపు చెక్కలోని చీలిక కూడా వదలకుండా, నిదానంగా గీసింది.

"గీత గట్టిగానే పడిందే," అన్నాడు బావ, బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని. "నిజమేలే." సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూశాడు. "మీ అక్కకేమైనా చెప్పమంటావా?"

సంచమ్మ తల అడ్డంగా ఊపింది. అతను వరుసలోవాళ్లను మర్యాదగా తప్పించుకుంటూ వెళ్లిపోయాడు.

నీళ్లు తాగొస్తానని షాపు యజమానికి చెప్పి, వెనక పుస్తకాల కట్టలు పేర్చిన గదిలోకి పరిగెత్తింది. కంగారులో నంబరు ఒకసారి తప్పు నొక్కింది. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేస్తే అక్క ఎత్తింది. వెనక కుట్టుమిషను గడగడలాడుతోంది.

"ఏంటే, పనివేళ ఫోను?"

"అక్కా, బావ వస్తున్నాడు. ఊరు తెలిసిపోయింది. రాత్రి బండికి బయల్దేరుతున్నాడు. నువ్వక్కడ ఉండకు."

మిషను ఆగింది.

"ఎలా తెలిసింది?"

"నా పుస్తకంలో... నువ్వు గిలకా అన్నావుగా. అది అలాగే రాసేశాను."

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు, ఎవరితోనో "ఒంట్లో బాలేదు, ఇంటికెళ్తున్నా" అన్న మాట, తర్వాత వీధి రొద వినబడ్డాయి. అక్క రొప్పుతూ నడుస్తోంది.

"ఎక్కడికెళ్తావక్కా? నేనూ వచ్చేస్తాను. ఎక్కడికో చెప్పు."

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకే చెప్పను," అంది అక్క. కోపంగా కాదు, ఏడుపు ఆపుకుంటూ అంది. "చెప్తే గీస్తావే."