ముందు ఎడమ చక్రం

నా షెడ్డులో ఒక పద్ధతుంది. చక్రం బోల్టును టార్క్ రెంచితో బిగించి, బిగువు సరిపోయిందని అది టక్కుమన్నాక, బోల్టు మీది నుంచి చక్రం మీదికి పసుపు ఎనామిల్ రంగుతో సన్నటి గీత గీస్తాను. ఆ తర్వాత బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. చక్రానికి ఐదు గీతలు, కారుకు ఇరవై. కస్టమర్లు నవ్వుతారు. "ఏంటి నతానియేలు గారూ, కారుకి బొట్లు పెడుతున్నారా?" అంటారు. పెడతాను. నచ్చకపోతే నల్లపాడు నుంచి గుంటూరు దాకా బోలెడు షాపులున్నాయి, పొమ్మంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఈ మార్చి దాకా అలాగే అనుకున్నాను.

మార్చి రెండో వారంలో సాయిరాం వచ్చాడు. పురోహితులింటి కుర్రాడు, బ్యాంకులో ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు. ఉన్న ప్రేమంతా ఆ తెల్లటి టర్బో కారు మీదే. అదేమో పొట్ట నేలకు ఆనించి పాకే రకం. డిక్కీలో రెండు, వెనక సీట్లో రెండు, నల్లరంగు అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. చీరాలలో పాత సామాన్ల కొట్లో దొరికాయట.

"అంకుల్, పద్దెనిమిది అంగుళాలు. వంకర లేదు, క్రాక్ లేదు. ఆ దరిద్రపు నలుపు తీసేసి గన్‌మెటల్ బూడిదరంగు వెయ్యండి. శనివారం అమ్మని తీసుకొని దర్శి వెళ్ళాలి."

దర్శి రోడ్డు నేను తొక్కి ఆరేళ్ళయింది. ఆ సంగతి కుర్రాడికెందుకు? చక్రాలు నాలుగూ మిషను మీద తిప్పి చూశాను. నిజంగానే వంకర లేదు.

రంగు ఊడదీసే మందు పూస్తే పని గంటలో అయిపోతుంది. నేను పూయను. తడి ఎమిరీ పేపరుతో చేత్తోనే రుద్దుతాను. అప్పుడు ఉల్లిపాయ పొరల్లా పాత రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి, దాచిన లోపాలన్నీ తెలుస్తాయి. మంగళవారం పొద్దున మొదటి చక్రం పట్టుకున్నాను. నలుపు పోయింది. దాని కింద చవకబారు వెండి రంగు, అదీ పోయింది. దాని కింద రాగి రంగు కనిపించింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ రాగి రంగు ఎక్కడా కొనడానికి దొరకదు. దాన్ని కలిపింది నేను, ఈ షెడ్డులోనే, బెన్నీ కోసం.

బెన్నీ నా చిన్ననాటి స్నేహితుడు. జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. ఒక పాత స్పీడు కారు కొని జీతమంతా దానికే తగలేసేవాడు. ఆరేళ్ళ కిందట మంచి శుక్రవారం పొద్దున ఈ నాలుగు చక్రాలూ దానికి వేసింది నేనే. వాళ్ళమ్మ కొండమ్మ అప్పుడు దర్శి పక్కన మిరపకోతలకు వెళ్ళి ఉంది. కొత్త చక్రాల మీద ఆమెను ఎక్కించుకు రావాలని వాడి ముచ్చట. ఆమె పనిచేసే కళ్ళం ఇంకాస్త దూరంలో ఉందనగా ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు పల్టీలు కొట్టి కాలవలో పడింది, బెన్నీ అందులోనే పోయాడు. చక్రం మాత్రం ఆగలేదు. పల్లంలో రోడ్డు వెంట ఒంటరిగా దొర్లుకుంటూ వచ్చి, మలుపు దగ్గర పక్కకు తిరిగి, కాయలు ఎండబోసిన కళ్ళంలోకి దిగి, కొండమ్మ ముందు వాలిపోయింది. "బండి కంటే ముందు చక్రం వచ్చింది నా కాడికి" అని ఆమె కనిపించిన వాళ్ళందరికీ చెప్పేది.

కారులో పగిలిన సీసా ఒకటి దొరికింది. ఇంకేముంది, మంచి శుక్రవారం నాడు తాగి నడిపాడన్నారు. నిప్పు లేందే పొగ రాదన్నారు. పోలీసులు అడిగితే నేను, ఇరవై బోల్టులూ బిగించాను, ఇరవై గీతలూ గీశాను అన్నాను. నమ్మారు. నా గీతల సంగతి ఊరందరికీ తెలిసిందే కదా. భూస్థాపన ఆరాధనలో పాస్టరుగారు తాగుడు మీద ప్రసంగం చేశారు. కొండమ్మ ఏడవలేదు. మధ్యలో లేచి, నా కొడుకు తాగడని పోట్లాటకు దిగింది. ఆడవాళ్ళు రెక్క పట్టుకొని కూర్చోబెట్టారు. కన్నతల్లి కదా, అలాగే అంటుందిలే అనుకున్నారు అందరూ. నేను రెండో వరసలో కూర్చొని ఉన్నాను.

మంగళవారం సాయంత్రానికి మూడు చక్రాలు రాగి రంగు దాకా వచ్చాయి. బోల్టు కన్నాల పక్కన నా పసుపు గీతల సగాలు అలాగే ఉన్నాయి. ఐదు, ఐదు, ఐదు. నాలుగో చక్రం అంచు బాగా గీసుకుపోయి ఉంది. రోడ్డు మీద దొర్లింది అదే. కన్నాల చుట్టూ రంగు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ ఒక్క గీతా లేదు.

చెరిగిపోయి ఉంటుందిలే అనుకున్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడమేమిటని నన్ను నేనే కసురుకున్నాను. రాగి రంగు కూడా లేకుండా లోహం తేలేదాకా రుద్ది, ప్రైమరు కొట్టి, గన్‌మెటల్ వేసి, పైన లక్కరు పూశాను. గురువారానికి చక్రాలు కొత్తవాటిలా తళతళలాడాయి.

శుక్రవారం పదకొండింటికి టైర్లు ఎక్కించి, సీసం ముక్కలు అంటించి తూకం సరిచేసి, చక్రాలు కారుకు వేశాను. గీతల్లేని ఆ నాలుగోది ముందు ఎడమ వైపుకే వచ్చింది. ఎదురెదురు బోల్టులు వరస తప్పకుండా బిగించాను. ఇరవై సార్లు టక్కుమంది, ఇరవై గీతలు గీశాను. రంగు ఆరాక నరసరావుపేట రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చాను. బండి వెన్నలా నడిచింది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం మీద ఐదు గీతలూ విరిగి ఉన్నాయి.

ఐదూ ఒకే వైపుకి, ఒకే కొలతకి తిరిగాయి. మిగతా పదిహేనూ గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు రెంచిని అనుమానించాను. ఇంకో రెంచి తెచ్చి బిగించాను. పాత గీతలు తుడిచి కొత్తవి గీశాను. ఈసారి బండి కదపలేదు. ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మిర్చి బస్తాల లారీలు పోతున్నాయి, షెడ్డులో నేను తప్ప పురుగు లేదు. చూస్తూ కూర్చున్నాను. గీతలు కదల్లేదు. గ్లాసు ఎత్తి రెండు గుక్కలు మజ్జిగ తాగి, తల దించి చూశాను. ఐదూ విరిగి ఉన్నాయి.

నాకు భయం వేసింది. ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. యాభై మూడేళ్ళ వాణ్ణి, పట్టపగలు, నా షెడ్డులో, నా స్టూలు మీద కూర్చొని షట్టరు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాట రాలేదు. మళ్ళీ బిగించాను. మళ్ళీ గీశాను. ఇక చూడలేదు. షట్టరు వేసి ఇంటికి పోయాను.

శనివారం పొద్దున ఏడింటికి సాయిరాం తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. బాలత్రిపురసుందరి గారు పొట్టి మనిషి, మెత్తటి గొంతు. చేతిసంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి కొడుక్కి ఇచ్చారు. కొత్త చక్రాలు వేస్తే నిమ్మకాయలు తొక్కించనిదే ఈ ప్రాంతంలో బండి రోడ్డెక్కదు. నాకు ఆ నమ్మకం లేదు. అయినా రోజూ చూసేదే, నేనే వంగి ఒక్కో టైరు ముందు ఒక్కో కాయ పెట్టాను. గీతలు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

సాయిరాం బండిని ఒక గజం ముందుకు నడిపాడు. మూడు కాయలు పచ్చడయ్యాయి. ముందు ఎడమ టైరు కాయ మీది నుంచే పోయింది, నా కళ్ళతో చూశాను. టైరు దాటాక కాయ వెనక నిక్షేపంగా ఉంది. తీసి చూస్తే చిన్న నొక్కు కూడా లేదు.

"గట్టి కాయలా ఉందే," అని నవ్వాడు సాయిరాం. అదే కాయను మళ్ళీ టైరు ముందు పెట్టి ఇంకో గజం నడిపాడు. పదమూడు వందల కిలోల బండి దాని మీది నుంచి వెళ్ళింది. కాయ కాయలాగే ఉంది. వాడి నవ్వు ఆగిపోయింది.

బాలత్రిపురసుందరి గారు చక్రం వంకే చూస్తూ అడిగారు. "బాబూ, ఈ చక్రాలు ఇంతకుముందు ఎవరివి?"

"తెలీదండి," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చీ రాగానే ఎందుకో చక్రం పక్కన గొంతు కూర్చున్నాను. గీతలు విరిగి ఉన్నాయి. ఒక బోల్టును రెండు వేళ్ళతో పట్టుకున్నాను. చాలా దూరం నుంచి వచ్చి ఇప్పుడే ఆగిన బండిదిలా వేడిగా ఉంది. తిప్పితే తిరిగింది. సీసా మూతలాగా, ఏ బలమూ అక్కర్లేకుండా. ఐదూ అలాగే ఉన్నాయి, వేళ్ళతో ఎక్కించి వదిలేసిన బిగువు. ఆ బిగువు నా వేళ్ళు గుర్తుపట్టాయి.

ఆరేళ్ళుగా నా చుట్టూ తిరుగుతూ ఎప్పుడూ తలుపు తట్టని ఆ పొద్దు అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. ఆ రోజు మా గుడిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఏడుగురిలో నాలుగో మాట చెప్పే వంతు నాది. నెల రోజులు సిద్ధపడ్డాను, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. మూడు చక్రాలు పూర్తయ్యాయి. నాలుగోది ఎక్కించి బోల్టులు వేళ్ళతో తిప్పుతుండగా గంట మోగింది. జాకీ దించేసి, చేతులు తుడుచుకొని పరిగెత్తాను. వచ్చాక బిగిస్తాను, కదలకు అని బెన్నీతో చెప్పానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్పలేదు. బెన్నీ నిలబడి చెయ్యి ఊపాడు. జాకీ దిగింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాడు పాపం.

"సాయిరాం, ఈ చక్రాలతో నువ్వు దర్శి వెళ్ళవు," అన్నాను. "వీటిని పెట్టుకొన్న వాణ్ణి చంపింది నేను."

"అంకుల్, ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"ఒరేయ్, ఆయన్ని ఏం అడగొద్దు," అన్నారు బాలత్రిపురసుందరి గారు. "పాతవే వేయించుకో."

పాత చక్రాలే బిగించి పంపాను. వెళ్ళేముందు ఆవిడ ఒక్క మాటే అడిగారు. "అతనికి ఎవరైనా ఉన్నారా బాబూ?"

ఉంది. కోల్డ్ స్టోరేజి వెనక కళ్ళంలో పాతికమంది ఆడవాళ్ళ మధ్య, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చొని ఉంది. నన్ను చూసి గుడ్డ కిందికి లాగింది కొండమ్మ.

"ఏరా నతానియేలూ, పనిమానుకొని ఇటొచ్చావ్? ఘాటుగా ఉంది, ముక్కుకి ఏదన్నా అడ్డం పెట్టుకో."

ఆమె పక్కన కూలబడ్డాను. చెవి దగ్గరకు వంగాను. "పెద్దమ్మా, ఆ రోజు ఆ చక్రం నేను బిగించలేదు. వేళ్ళతో తిప్పి వదిలేసి గుడికి పరిగెత్తాను. బెన్నీ తాగలేదు."

ఆమె చేతులు ఆగలేదు. ఒక కాయ తొడిమ తీసింది, ఇంకోటి తీసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

మంగళవారం అని చెబుదామనుకున్నాను. "ఆ రోజే తెలుసు పెద్దమ్మా," అనే వచ్చింది.

"సీసాలో ఏముందో తెలుసా? నాకు మోకాళ్ళకి రాసుకునే నూనె. నేనే తెమ్మన్నా. పాస్టరుగారికీ చెప్పా, పోలీసోళ్ళకీ చెప్పా. ఒక్కళ్ళు విన్లా." చేతిలోని కాయ కింద పెట్టింది. "అప్పుడు రెండో వరసలో నోరు మూసుకు కూకుని, ఇప్పుడు నా చెవిలో చెప్తన్నావా? లెగు. నిలబడి చెప్పు. ఇక్కడ సగంమంది ఆ రోజు గుళ్ళో ఉన్నోళ్ళే."

లేచాను. పాతిక ముఖాలు నా వైపు తిరిగాయి. చెప్పాను. ఘాటుకు గొంతు పట్టేసి మాట సగంలో పోయింది.

"వినపళ్ళా," అంది కొండమ్మ.

మళ్ళీ చెప్పాను.

"ఇంకా గట్టిగా చెప్పరా."

అరిచాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మిరప కళ్ళంలో ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. అప్పుడు ఎవరూ దగ్గలేదు. ఒకావిడ మెల్లగా, "అయ్యో బెన్నీ," అంది.

కొండమ్మ గుడ్డ పూర్తిగా విప్పి ఒళ్ళో వేసుకుంది. ఆమె ముఖం వణకడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుందామని వంగబోతే నన్ను తోసేసింది.

"నువ్వు పోరా," అంది. "ఆరేళ్ళూ కొట్లాడ్డంతోనే సరిపోయింది నాకు. ఇప్పుడు నా కొడుకు కోసం ఏడ్చుకోవాలి."