ఎడమ చక్రంలో గాలి

ఇసుక గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళుగా ఖతర్‌లో హౌస్ డ్రైవర్ని. రోడ్డు దిగి ఇసుకలోకి పోయే ముందు చక్రాల్లో గాలి సగానికి దించాలి, మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు నింపుకోవాలి. మా యజమాని పిల్లలకు కూడా ఈ విద్య నేర్పింది నేనే. ఆ విద్య మీద నాకు కొంచెం పొగరుండేది. జరిగినదంతా ఆ పొగరు వల్లే.

ఇక్కడ ఇంటి యజమానిని డ్రైవర్లం బాబా అంటాం. అల్ రయ్యాన్‌లో మా నాసర్ బాబాకు అరవై దాటాయి. ఉద్యోగం మానేశాక గ్యారేజీలో ఒక గైరోప్లేన్ కట్టడం మొదలుపెట్టాడు. చూడ్డానికి చిన్న హెలికాప్టర్‌లా ఉంటుంది గానీ హెలికాప్టర్ కాదు. వెనకున్న ఫ్యాను బండిని ముందుకు తోస్తుంది, నెత్తి మీది రెక్కలు ఎదురుగాలికి తిరిగి పైకి లేపుతాయి. బయలుదేరే ముందు మాత్రం ఆ రెక్కల్ని ఇంజనుతో ఒకసారి తిప్పి ఊపు ఇవ్వాలి. అందరి బండ్లకూ రెండు రెక్కలుంటే మా బాబా మూడు పెట్టాడు. అందరూ చేసేది చేస్తే ఆయన నాసర్ బాబా ఎందుకవుతాడు!

ప్రతి శుక్రవారం సాయానికి నర్సింగ్ వచ్చేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె. బాబా తమ్ముడి కంపెనీలో లారీల మెకానిక్, ఉండేది బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో. ఒక్క బోల్టు బిగిస్తే దాని మీద పసుపు పెయింట్‌తో గీత పెట్టేవాడు. చక్రంలో గాలి కొలిచి, అంచు మీద సుద్దతో 20 అని రాసేవాడు.

"ఇరవై అయితే ఏమి, పదైదు అయితే ఏమప్పా?" అని ఏడిపించేవాణ్ణి.

"దానియాల్ సార్ చెప్పిండన్నా. మూడు రెక్కలది గదా, కింద కాళ్ళు రెండూ సమానం ఉండాలె అన్నడు."

దానియాల్ లాహోర్ మనిషి, విమానాల ఇంజనీరు, సొంత గైరోప్లేన్ ఉన్నవాడు. ఎంత చదివినవాడైనా ఈ మాట నాకు నవ్వు తెప్పించింది. రెక్కలు నెత్తిన, చక్రాలు నేలన. దానికీ దీనికీ ఏం చుట్టరికం?

జనవరిలో ఒక శుక్రవారం, ఇలాంటి బండ్లు కట్టుకున్నవాళ్ళందరూ అల్ ఖోర్ దాటాక ఒక గట్టినేల రన్‌వే దగ్గర కలిశారు. పదకొండు బండ్లు వచ్చాయి. మాది ట్రైలర్ మీద తీసుకెళ్ళి దించాం. రన్‌వే దాకా యాభై గజాల మెత్తని ఇసుక. బండి చక్రాలు కూరుకుపోతున్నాయి.

నేను ఎవరినీ అడగలేదు. ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, వాల్వు నొక్కి, కారుకు చేసినట్టే లెక్కపెడుతూ గాలి దించాను. కుడి చక్రం వైపు తిరిగేసరికి బాబా కేకేశాడు. "వెంకటప్పా! గహ్వా! యల్లా!" ఎవరో పెద్ద అతిథులు వచ్చారు. కాఫీ కూజా పట్టుకుని పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి నలుగురూ చేరి బండిని రన్‌వే మీదికి తోసేశారు. సగం పని మిగిలిందన్న సంగతి నాకు గుర్తే లేదు.

బాబా ఎక్కి కూర్చున్నాడు. రెక్కలు తిరగడం మొదలైంది. మొదట్లో బాగానే ఉంది. గాలి లేదు, కర్రకు కట్టిన జెండా గుడ్డ కూడా కదలడం లేదు. బండి ఉన్నచోటనే ఉంది. ఉన్నట్టుండి పక్కలకు ఊగింది. వాషింగ్ మెషిన్‌లో దుప్పటి ఒకవైపు ముద్దయితే ఎలా కొట్టుకుంటుందో అలా. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. దానియాల్ చేతులూపుతూ "బంద్ కరో! బంద్ కరో!" అని పరిగెత్తాడు. ఐదారు సెకన్లు, అంతే. కుడి చక్రం పైకి లేచింది. బండి ఎడమకు పడింది. రెక్కలు నేలను కొట్టి ముక్కలై ఎగిరాయి.

మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎగరలేదు, కదలలేదు, దేన్నీ గుద్దలేదు. నిలబడ్డ బండి తనను తానే విరగ్గొట్టుకుంది.

బాబా బతికాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే నర్సింగ్‌ని చూశాడు. "రెక్కల బోల్టులు బిగించింది నువ్వే కదా! ఖలాస్. నా ఇంటికి రాకు. నీ కంపెనీకి కూడా చెప్తాను."

నర్సింగ్ ఇసుకలో పాకుతూ ముక్కలు ఏరాడు. "ఇగో, గీత ఉన్నదన్నా. దీనికీ ఉన్నది. మరి ఎట్లయింది? గీత పెట్టి బిగించకుంట ఇడిసిపెట్టిన్నా? యాదికొస్తలేదన్నా!"

అప్పుడు నాకు ఎడమ చక్రం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గానీ దానికీ దీనికీ ముడి దొరకలేదు. దానియాల్ దగ్గరికి పోయి, తేలు కుట్టిన దొంగలాగా, "సార్, ఊరికే అడుగుతున్నా, ఒక చక్రంలో గాలి తక్కువుంటే ఏమవుతుంది?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. మూడు రెక్కలకూ మొదళ్ళ దగ్గర కీళ్ళుంటాయట. తిరిగేటప్పుడు రెక్కలు కొంచెం ముందుకూ వెనక్కూ ఊగుతాయట. మూడూ ఒకవైపుకి ముద్దయితే బండి ఊగుతుంది. బండి ఊగితే రెక్కలు ఇంకా ఊగుతాయి. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. కాళ్ళు గట్టిగా ఉంటే ఆ ఊపు చచ్చిపోతుంది. ఒక కాలు మెత్తబడితే చావదు, పెరుగుతుంది. గ్రౌండ్ రెజొనెన్స్ అంటారట. రెండు రెక్కల బండ్లకు ఆ కీళ్ళు ఉండవు గనుక ఆ బాధ లేదట.

"అయితే గాలి తక్కువయ్యే అవకాశం లేదులే," అన్నాడాయన. "నర్సింగ్ కొలిచి ఇరవై అని రాశాడు. ఎడమది ఇప్పుడు మెత్తగా ఉందంటే, పడ్డప్పుడు దిగిపోయి ఉంటుంది. కీళ్ళ దగ్గర బోల్టే వదులై ఉండాలి."

నర్సింగ్ రాసిన ఆ అంకెను నమ్మి నర్సింగ్‌నే తప్పుపట్టారు. నా పేరు ఎవరి నోటా రాలేదు. తిరిగొచ్చే దోవంతా కారులో నర్సింగ్ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ "చాయ్ తాగుతావా?" అని అడిగాను. బర్వా దగ్గర దించేసి వచ్చాను. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం ఫోన్ చేశాను. మెకానిక్ పని వద్దని, లోడింగ్‌లో వేయమని ఫోర్‌మన్‌ని వాడే అడుక్కున్నాడట.

"ఎందుకురా?"

"బ్రేక్ పనికి చెయ్యి పెడుతుంటె వణుకుతుందన్నా. బాబా అంటె బతికిండు. రేపు నేను బిగించిన లారీ బ్రేక్ పోతె? నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

ఇక నా వల్ల కాలేదు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్న బాబా ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"నేను చూశాను," అన్నాడు బాబా. "ఎక్కేటప్పుడు బండి ఎడమకు వంగింది. వెంకటప్ప గాలి దించి ఉంటాడు, ఇసుక సంగతి వాడికి తెలుసు అనుకున్నాను."

చూసి కూడా నర్సింగ్‌ని అంత మాట ఎలా అన్నాడు? నాలాగే ఆయనకూ ముడి దొరకలేదా? లేక నన్ను తప్పుపట్టడం ఆయనకు చేతకాలేదా? ఈ రోజుకీ నాకు తెలియదు.

"కారు తాళాలు ఆ పళ్ళెంలో పెట్టు," అన్నాడు. పెట్టాను. పన్నెండేళ్ళ ఉద్యోగం ఆ పళ్ళెంలో పెట్టినట్టే అనిపించింది. "నర్సింగ్‌కి చెప్పావా?"

"లేదు బాబా."

బాగున్న చేత్తో తాళాలు నా వైపుకి తోశాడు. "ముందు అతనికి చెప్పి రా. నీ సంగతి తర్వాత."

గ్యారేజీలో పడి ఉన్న బండి రెండు చక్రాలూ ఊడదీసి, కారులో వేసుకుని బర్వాకు పోయాను. డ్యూటీ దిగిన బస్సులు వస్తున్న వేళ. నర్సింగ్ భుజం మీద లోడింగ్ దుమ్ముతో వచ్చాడు. చక్రాలు వాడి ముందు పెట్టి, గాలి కొలిచే మీటరు చేతికిచ్చాను. "కొలువు."

"కుడిది ఇరవై. ఎడమది... తొమ్మిది. పడ్డప్పుడు దిగిందేమో అన్నా."

నా తప్పుకు కూడా వాడే సాకు వెతికిపెడుతున్నాడు. "పడకముందే దిగింది. నేనే దించినా. ఇసుక కదా అని, ఎవర్నీ అడక్కుండా దించినా. దానియాల్ సార్ చెప్పిన కాలు ఇదే."

మళ్ళీ కొలిచాడు. మూడోసారి కూడా కొలిచాడు. "అంటే నేను బోల్టులు..."

"బిగించినావురా. అన్నీ బిగించినావు. బాబాకు కూడా చెప్పి వచ్చినా."

నర్సింగ్ ఫుట్‌పాత్ మీద కూలబడి, పోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు. తిడతాడని, కొడతాడని నిలబడ్డాను. "తిట్టురా," అన్నాను. తిట్టలేదు. లేచి ముఖం తుడుచుకుని, నా డిక్కీలోంచి గాలి పంపు తెచ్చి, గొట్టం కొస నా చేతికిచ్చి ఎడమ చక్రం ముందు కూర్చున్నాడు. ఆ చక్రం ఎక్కించడానికి పనికొచ్చే బండే లేదు. ఆ మాట నేను అనలేకపోయాను.

మీటరు ముల్లు పైకి పోతోంది. పదకొండు, పద్నాలుగు. వాడి చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. గొట్టం పట్టుకున్న నా చెయ్యే వణుకుతోంది.

"కదలకుంట పట్టుకో అన్నా," అన్నాడు నర్సింగ్. "ఇంక ఆరు ఎక్కాలె."