బాతు ఎక్కిన ఆటోకి నేను అడ్డుపడిన కథ

నేను ఒక ఫైర్‌వాల్‌ని. పేరు విని మంటలూ గోడలూ ఊహించుకోకండి. చెప్పుల పెట్టె అంతటి ఇనప డబ్బాని, ముందు ఆరు పచ్చదీపాలు, వెనక గొణిగే ఫ్యాను. బయటి ఇంటర్నెట్టుకీ లోపలి కంప్యూటర్లకీ మధ్య కూర్చుని, వచ్చే ప్రతి పేజీనీ తడిమి చూడటం నా ఉద్యోగం. ఒక పేజీ మధ్యలో వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన సరుకుంటుంది చూశారూ, వీడియోలు, ప్రకటనలు, ఆటలు, వాటిని పీకి పారేయడమంటే నాకు మహా సరదా. కూరలో కరివేపాకు ఏరినట్టు ఏరేసేదాన్ని.

మొదట నన్ను హైదరాబాదులో ఒక కంపెనీ కొంది. ఉద్యోగులు పనివేళల్లో క్రికెట్టు చూడకుండా ఐదేళ్లు కాపలా కాశాను. మనుషులు తమ మీద తమకు నమ్మకం లేక నన్ను తెచ్చుకుంటారు, ఆ తరవాత నన్నే తిట్టుకుంటారు. పాతబడ్డాక నన్ను కోనసీమలోని ఒక బధిరుల పాఠశాలకు దానమిచ్చేశారు.

అక్కడ కంప్యూటరు పాఠాలు చెప్పే గవర్రాజు మాస్టారు కూడా నాలాగే కొత్త. ఒకరోజు పాఠం మధ్యలో పేకాట ప్రకటన ఒకటి తెర మీద గంతులేసింది. ఆయన హడలిపోయి, పేజీల్లో అతికించినవన్నీ తీసెయ్యమని నాకు హుకుం జారీ చేశారు. తరవాత ఒక పేజీ తెరిచి, అక్షరాలు చక్కగా ఉన్నాయని తృప్తి పడ్డారు. చెవులు వినబడే మనిషి కదా! ఆ పిల్లల అసలు భాష సంజ్ఞలనీ, సంజ్ఞలు వీడియోల్లో ఉంటాయనీ ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదనుకోండి.

మర్నాడే ఏసురత్నం వచ్చాడు. ఆటో డ్రైవరు. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు సలోమిని తీసుకుపోవడానికి వచ్చాడు.

"సదువు సాలండి మాస్టారూ. రాజమండ్రిలో బట్టల కొట్టువోళ్లు పనిస్తానన్నారు. సీరలు మడతెట్టుకుంటాది. మాటే రాని పిల్ల సదివి ఏం సేత్తాదండీ?"

సలోమి తండ్రి చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్ల సంజ్ఞలతో చెప్పిన కథ వీడియోను పిల్లల పత్రిక ఒకటి తన వెబ్‌సైటులో అతికించింది. అది చూపిస్తే నాన్న మనసు మారుతుందని ఆశ. పేజీ తెరుచుకుంది. 'బాతు ఎక్కిన ఆటో. చెప్పినది: సలోమి.' దాని కింద అంతా తెల్లగా ఖాళీ. కథను అప్పుడే నేను పీకేశాను.

"పేరేసుకుంటే సరిపోద్దా అమ్మా? కథేది?" అన్నాడు ఏసురత్నం. మాట వినబడకపోయినా అతని మొహం చూసి సలోమికి అర్థమైంది. మళ్లీ తెరిచింది, మళ్లీ మళ్లీ తెరిచింది. నేనూ అంతే శ్రద్ధగా పీకుతూ పోయాను. పిల్ల కళ్లనిండా నీళ్లు.

గవర్రాజు మాస్టారు అదే పేజీని, నాతో పనిలేకుండా సొంత నెట్టున్న తన ఫోనులో తెరిచారు. కథ ఆడుతోంది! ఫోను చూశారు, కంప్యూటరు చూశారు, గోడ మీదున్న నన్ను చూశారు.

"అయ్య బాబోయ్! ఇది నా నిర్వాకమేనండీ!" అని గబగబా నా సెట్టింగులు విప్పారు. ప్రకటనలు పీకు, ఈ పత్రికనీ సంజ్ఞల పాఠాలనీ మాత్రం ముట్టుకోకు అని కొత్త హుకుం. బుద్ధిగా పక్కకు జరిగాను. ఒకదాన్ని పోనివ్వడంలో ఇంత సంతోషం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

తెర మీద సలోమి బాతయింది. ఆటో ఎక్కింది, దిగనని మొండికేసింది. తరవాత డ్రైవరయింది. మీసం దువ్వి, తల గోక్కుని, మెడలో తువ్వాలు విదిలించి బాతుకు దణ్ణం పెట్టింది. ఏసురత్నం సగం లేచి నిలబడ్డాడు.

"ఓలమ్మ! ఆడు నేనే!"

పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని నవ్వాడు. చివర్లో బాతు చేతులతో గబగబా ఏదో చెప్పింది, కథ అయిపోయింది.

"మాస్టారూ, బాతు ఆకర్న ఏమందండీ?"

"మీ అమ్మాయి పక్కనే ఉంది కదా, అడగండి."

ఏసురత్నం కూతురి వైపు తిరిగాడు. చేతులు పైకెత్తాడు, ఏం చెయ్యాలో తెలియక దించేశాడు. పద్నాలుగేళ్లలో బిడ్డను ఒక్క ప్రశ్న అడగడం కూడా నేర్చుకోలేదు.

"ఎలా అడగాలో నేర్పండి బాబూ," అన్నాడు మెల్లిగా.

ఆ రోజు ఆటో ఖాళీగా వెళ్లింది. ప్రతి శనివారం మాత్రం తిరిగి వచ్చేది. ఏసురత్నం చిన్నపిల్లల పక్కన బెంచీ మీద ఇరుక్కుని సంజ్ఞలు నేర్చుకునేవాడు, తప్పులు చేసి పిల్లల చేత తిట్లు తినేవాడు.

ఇప్పుడు నా చోటికి కొత్త డబ్బా వచ్చింది. నన్ను గోడ మీంచి దింపింది ఆ తండ్రీ కూతుళ్లే. సామాన్ల గదిలో పెడుతూ నన్ను చూపించి చేతులతో ఏదేదో చెప్పుకున్నారు. లోకంలోని పేజీలన్నీ తడిమి చూసిన నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్లు మాత్రం పడీ పడీ నవ్వుకున్నారు.