చీనీతోటలో పందుల జాడ

చీనీకాయను, అంటే బత్తాయిని, ఏది తిన్నదో తొక్క చూసి చెప్పేస్తుంది హెప్సిబా. కోతి అయితే కాయ తెంపి, తొక్క పళ్లతో పీకి, రెండు తొనలు నమిలి పారేసి, ఇంకో కాయ మీద చెయ్యి వేస్తుంది. చెట్టు కిందంతా చిందరవందరగా ఉంటుంది. ఉడత గానీ ఎలుక గానీ అయితే చిన్న బెజ్జం చేసి లోపలిదంతా తినేసి, ఖాళీ డొప్పను కొమ్మకే వదిలిపెడుతుంది. దూరం నుంచి కాయ ఉన్నట్టే ఉంటుంది, దగ్గరికి పోతే గాలికి ఊగుతుంది. చిలక పైపైన పొడిచి పోతుంది. మనిషి తింటే మాత్రం తొక్క కనపడదు. మట్టిలో పూడ్చిపెట్టి పోతాడు.

ఎమ్మిగనూరు నుంచి సి.బెళగల్ పోయే రోడ్డుకు కొంచెం లోపల ఉన్న ఆ ఆరెకరాల తోటకు ఏడేళ్లుగా ఆమె పగటి కాపలా. తోట హరికృష్ణది. వాళ్ల పెద్దలు ఎమ్మిగనూరులో మగ్గం నేసినవాళ్లు. ఈయన బట్టలంగడి పెట్టుకుని, నిలదొక్కుకున్నాక ఈ భూమి కొని బోరు వేయించాడు. చెడ్డ మనిషేం కాదు. హెప్సిబా భర్త పోయినప్పుడు అంగడి మూసి వచ్చి, సమాధి దగ్గర చివరిదాకా నిలబడ్డాడు.

తోటలో కలుపు పనికి వచ్చేవాళ్లలో మద్దమ్మ ఆమెకు బాగా దగ్గర. ఇద్దరివీ కాలనీలో ఎదురెదురు ఇళ్లు. మద్దమ్మ మొగుడు ఎల్లప్ప ఒకప్పుడు దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి పోయి తల పగలగొట్టించుకుని నవ్వుకుంటూ వచ్చిన మనిషి. పత్తి లారీ మీద నుంచి పడి ఎడమకాలు దెబ్బతిన్నప్పటి నుంచి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఒక్కతే బిడ్డ, మాధవరంలో ఇచ్చారు. ఆయనకిప్పుడు లోకమంతా ఒక పొట్టేలు. దానికి పెద్దోడని పేరు పెట్టాడు. మెడలో గంట కట్టి, రోజూ కొళాయి దగ్గర కడిగి, పక్కనే పడుకోబెట్టుకునేవాడు.

పెద్దోడికి చీనీకాయలు మరిగించింది మద్దమ్మే. రాలినవీ, మచ్చ పడినవీ తీసుకుపొమ్మని హరికృష్ణే చెప్పేవాడు. ఆమె కొంగులో మూట కట్టుకుని పోయేది. పొట్టేలు తొక్కతో సహా నమిలి, మూతి నాకుతూ ఇంకా కావాలని ఆమె కొంగు లాగేది. అది చూసి ఎల్లప్ప పగలబడి నవ్వేవాడు.

ఈ ఏడు ఆదోనిలో జ్యూసు బండ్లవాళ్లు రాలిన కాయలు కూడా తీసుకుంటామన్నారు. హరికృష్ణ ఒక్క కాయ కూడా బయటికి పోకూడదని చెప్పాడు. అప్పుడే తోటలో కలుపు పని అయిపోయి, మద్దమ్మ వేరే ఊరికి మిరపకాయలు కోయడానికి పోసాగింది. ఎండలకు గట్ల మీద గడ్డి లేదు. పెద్దోడు జొన్నచొప్ప ముట్టడం లేదని, కాయ కోసం అరుస్తా ఉందని ఎల్లప్ప అందరితో చెప్పుకుని బాధపడేవాడు.

తర్వాత వారానికి తోటలో దక్షిణం వైపు సాలులో రాలిన కాయలు మాయం కావడం మొదలైంది. తొక్క లేదు, తొన లేదు. కింది కొమ్మల ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఒకే ఎత్తుకు తెగి ఉంది. హెప్సిబా వంగి చూసింది. తడి మట్టిలో పొట్టేలు పెంటికలు. వాటి పక్కనే ఒక కాలు సరిగ్గా, ఇంకో కాలు ఈడ్చినట్టు అడుగులు, పక్కన చేతికర్ర గుచ్చిన గుంతలు.

ఆమె కొంతసేపు అక్కడే కూర్చుంది. తర్వాత లేచి పెంటికలను కాలితో మట్టిలోకి తొక్కి, చీపురు తెచ్చి అడుగులన్నీ చెరిపేసింది.

ఆ రోజు మధ్యాహ్నం హరికృష్ణ వచ్చాడు. కొమ్మలు చూశాడు.

"ఏమి తింటాంది హెప్సిబమ్మా ఇది?"

"పందులప్పా. అడవి పందులు."

"పందులా? ఈ పక్కకు ఎప్పుడన్నా వచ్చినాయా?"

"కొండల్లో నీళ్లు ఎండిపోయినాయి గదప్పా. ఏటి పక్కకు దిగుతాండాయంట."

"పందులైతే నేల తవ్వుతాయే. ఈడ తవ్వినట్టే లేదు."

"పొద్దున్నే నేనే సదును సేసినా."

ఆమె మాట మీద ఆయన ఏనాడూ రెండో మాట అనలేదు. ఆ రోజూ అనలేదు.

రెండు రోజుల తర్వాత ఒక మెకానిక్కును తెచ్చి, కంచె చుట్టూ మోకాలెత్తున ఒంటి తీగ లాగించాడు. కరెంటు పారేలా దాన్ని మోటరు పెట్టెకు కలిపించాడు. ఆ పెట్టెలో సిమ్ము ఉంది. ఎమ్మిగనూరులో అంగట్లో కూర్చునే ఫోను కొట్టి మోటరు వేస్తాడు, ఫోను కొట్టి ఆపుతాడు. ఇప్పుడు తీగకూ అంతే. చీకటి పడితే వేస్తాడు, ఆరు గంటలకు ఆపుతాడు.

"ఎవురికీ సెప్పొద్దు. తెలిస్తే కేసు పెడ్తారు," అన్నాడు. "రెండు పందులు తీగ మీద పన్యాయంటే మిగిలినవి మళ్లా ఈ పక్కకు రావు. అప్పుడు తీసేస్తా."

"మనుషులు తిరిగే తావు గదప్పా," అంది హెప్సిబా.

"రాత్రిపూట తోటలోకి మనుషులెందుకొస్తారు?"

దానికి ఆమె దగ్గర సమాధానం ఉంది, చెప్పలేదు. చెబితే ఎల్లప్పను పంచాయితీలో నిలబెడతారు. మద్దమ్మను ఏ తోటలోనూ పనికి రానివ్వరు. ఆ సాయంత్రం ఇంటికి పోయే ముందు పెట్టె తెరిచి ఫ్యూజు పీకి, కొంగులో కట్టుకుని పోయింది. పొద్దున్నే హరికృష్ణ మనిషిని పంపి కొత్త ఫ్యూజు వేయించి, పెట్టెకు తాళం పెట్టించాడు. ఫ్యూజు ఎవరు తీశారని ఆమెను అడిగాడు. తెలియదంది.

ఇక మిగిలింది మద్దమ్మకు చెప్పడమే. ఆ సాయంత్రం కొళాయి దగ్గర బిందె నింపుకుంటుంటే పక్కకు పిలిచింది.

"మద్దమ్మా, ఎల్లప్పను తోట పక్కకు పోనియ్యొద్దు. పొట్టేల్ని కూడా."

"మా ఆయప్ప తోటకు యాల పోతాడక్కా?" మద్దమ్మ గొంతు పెరిగింది. నీళ్లు పట్టుకునేవాళ్లు ఇటు తిరిగారు.

"మెల్లగా మాట్లాడు. సావుకారు కోపంగుండాడు, అందుకని..."

"ఏమని సెప్పినావు సావుకారుకు? మేం దొంగలమని సెప్పినావా? రాలిన కాయ కూడా ఆయప్ప ఇస్తేనే తెచ్చుకుంటిమి. నీ మాదిరి కాపలా ఉద్యోగం లేదని అంత లోకువైతిమా మేము?"

తీగ మాట హెప్సిబా నోటి దాకా వచ్చింది. చుట్టూ పదిమంది ఉన్నారు. కేసు అన్న మాట గుర్తొచ్చింది. మద్దమ్మ బిందె ఎత్తుకుని పోయింది. ఇంటికి పోయి చెబుదామని హెప్సిబా రెండుసార్లు ఆ గుమ్మం దాకా పోయింది. లోపల మొగుడూ పెళ్లాల వాదులాట వినిపించింది. "నేను పోలేదే, నా పెద్దోని మీద ఒట్టు," అంటున్నాడు ఎల్లప్ప. ఇంకెందుకు, మనిషి జాగ్రత్త పడతాడులే అనుకుని వెనక్కి తిరిగింది.

నాలుగు రోజులు ఏమీ కాలేదు. ఐదో రోజు తెల్లారి ఆరు గంటలకు ముందే ఆమె తోటకు పోయింది. దక్షిణం కంచె దగ్గర తీగ మీద పొట్టేలు పడి ఉంది. దాని మెడతాడు చేతికి చుట్టుకుని, ఒక చెయ్యి దాని కొమ్ము మీద పెట్టి, ఎల్లప్ప బోర్లా పడి ఉన్నాడు. లాగి విడిపించాలని చూసినట్టున్నాడు. బోరు తడికి నేలంతా బురదగా ఉంది.

ఆమె ముట్టుకోలేకపోయింది. పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. పెట్టెకు తాళం ఉంది. ఫోను తీసి హరికృష్ణకు కొట్టింది.

"ఏం హెప్సిబమ్మా, పంది పన్యాదా?" నిద్రమొహంతో అడిగాడు.

"ఆపప్పా. ముందు ఆపు."

"ఆపుతాలే. ఎన్ని పన్యాయి?"

"ఎల్లప్ప పన్యాడప్పా."

అవతల ఫోను పెట్టేశాడు. కొంచెంసేపటికి పెట్టెలో టక్కుమని చప్పుడైంది. అప్పుడు పోయి ఎల్లప్పను తిప్పింది. చేతులు చల్లగా ఉన్నాయి.

పోలీసు స్టేషన్‌లో అందరి ముందూ హెప్సిబా ఉన్నదంతా చెప్పింది. పందులు రాలేదని, పొట్టేలు పెంటికలు, ఎల్లప్ప అడుగులు తానే చెరిపానని, ఫ్యూజు తానే పీకానని. హరికృష్ణ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వే గదా పందులని సెప్పింది?"

"అబద్ధం సెప్పినానప్పా."

"దొంగని సెప్పింటే నేను తీగ యాల పెడ్తాంటి?" అన్నాడు హరికృష్ణ. "పిలిపించి నాలుగు తిట్టి పంపిస్తాంటి గదా."

మద్దమ్మ తమ్ముడు లేచి ఆమె మీదికి వచ్చాడు. "సచ్చినోని మీద దొంగతనం ఏస్తాండావా? ఎంత ఇచ్చినాడు నీకు సావుకారు?"

ఆమె చెప్పిన నిజం ఎవరికీ పనికి రాలేదు. కాపలామనిషి పందులని చెబితే నమ్మి పెట్టాడని హరికృష్ణ లాయరు రాసుకున్నాడు. ఎల్లప్ప దొంగ కాదని కాలనీవాళ్లు పట్టుబట్టారు. హరికృష్ణ కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తోంది. తోట వేరేవాళ్లకు గుత్తకిచ్చాడు. వాళ్లు తమ మనుషులనే కాపలా పెట్టుకున్నారు.

ఎల్లప్ప దినాలకు హెప్సిబా పోతే, మాధవరం నుంచి వచ్చిన కూతురు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. పక్కకు జరగలేదు. ఆదివారం ప్రార్థనలో ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని, అంతమందిలో నిజం చెప్పావు, దేవుడు మెచ్చుతాడు అన్నారు. ఆ నిజం ఎప్పుడు చెప్పిందో వాళ్లు అడగలేదు. ఆమె ఆ తర్వాత రెండు ఆదివారాలు పోలేదు.

పని కోసం ఇప్పుడు ఆదోని పోతోంది. అక్కడ పత్తి మిల్లులో గింజ ఏరే పని. ఒకరోజు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్టాండులో మద్దమ్మ కనిపించింది. చేతిలో సంచి. బిడ్డ దగ్గరే ఉంటున్నానని, కోర్టు కాగితం మీద వేలిముద్రకు ఆదోనికి రమ్మన్నారని తనే చెప్పింది. అంతకాలం తర్వాత ఆమె నోటి నుంచి మాట వినేసరికి హెప్సిబాకు కన్నీళ్లు వచ్చాయి.

"మద్దమ్మా, మీ మంచికే అనుకుంటి..."

"తెలుసక్కా." మద్దమ్మ నేల చూస్తూ అంది. గొంతులో కోపం లేదు. "దొంగ అని సెప్పింటే నాలుగు తన్నులు తినింటాడు. సిగ్గుతో ఒక నెల ఇంట్లోంచి బయటికి రాకుండా ఉండింటాడు. బతికైతే ఉండింటాడు గదా."

ఆదోని బస్సు వచ్చింది. మద్దమ్మ సంచి సర్దుకుని ముందు తలుపులోంచి ఎక్కింది. కండక్టరు "ఆదోని, ఆదోని" అని అరుస్తూ హెప్సిబా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సు పోయాక ఇంకో గంట అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుంది. మిల్లులో ఆ రోజు కూలి పోయింది.