పదిహేడో గడి

నేను ఒక దరఖాస్తుకు జిరాక్సు నకలును. చెడిపోవడానికే పుట్టాను. మా ప్రాంతంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్లు అసలు కాగితం మీద ముందుగా కలం పెట్టరు. ఒక నకలు తీయించి, తప్పులన్నీ దాని మీద చేసేసి, ఒప్పుల్ని మాత్రం అసలు దాని మీదికి ఎక్కిస్తారు. మిషనులోంచి వేడివేడిగా బయటపడ్డ క్షణం నుంచీ నాకు ఒకటే భయం, నా మీద ఏం రాస్తారోనని.

ఆ మిషను సింహాచలానిది. శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ కార్యాలయం వరండాలో ఉంటుంది. నన్ను తీయించుకున్నది సుగుణ. బాలికల హాస్టల్లో ఆయా ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు తేదీ. పక్కన ఆమె అన్న భాస్కరం నిలబడ్డాడు.

"ఏ గడీ ఖాళీగా ఒదిలీకమ్మా," అన్నాడు సింహాచలం. "నీకు సంబంధం నేకపోతే 'వర్తించదు' అని రాయి. ఖాళీ కనిపిస్తే పక్కన పడీస్తారు."

ఇంటిపేరు దగ్గర అత్తవారిది రాసి, సర్టిఫికెట్టులో పుట్టింటిది ఉందని కొట్టేసింది. పుట్టిన తేదీ దగ్గర మళ్లీ ఆగింది.

"ఇది హెడ్మాస్టరు ఏసీసిన తేదీ. మాయమ్మ నన్ను గోగు కోతల్లో కన్నానంటాది."

"గోగు కోతలు ఆ గళ్లలో పట్టవమ్మా. సర్టిఫికెట్టు ఎప్పుడంటే అప్పుడే పుట్టినావు."

సుగుణ నవ్వింది. పదిహేడో గడి దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు లేదు.

'గతంలో మానసిక వ్యాధికి చికిత్స పొందారా? అయితే వివరాలు.'

ఆమె వేలి చెమట నాకు అంటుకుంది. అది చల్లగా ఉంది.

"నేదని రాసీ," అన్నాడు భాస్కరం గొంతు తగ్గించి. "బిడ్డ పోయిన బాధలో కొన్నాళ్లు పెదవాల్తేరు ఆస్పత్రిలో ఉన్నావు. బాగయి ఒచ్చీసినావు. ఆ పేరు చూస్తే చాలు, పిచ్చిదంటారు. ఉజ్జోగం పోతాది."

'లేదు' అని రాసింది. కొట్టేసింది. 'అవును' అని రాసింది. అదీ కొట్టేసింది. కలం మొన అక్కడే తిరిగి తిరిగి నాకు చిల్లు పడింది. గడి ఖాళీగా ఉంటే మనుషులకు భయం. నిండితే ఇంకా భయం. ఆ రెండు భయాలూ నా ఒంటి మీదే పోట్లాడుకున్నాయి.

"దరకాస్తులు తీసుకునే కిటికీ మూసీస్తారమ్మా," అన్నాడు సింహాచలం.

బల్ల గరుగ్గా ఉందని ఆమె అసలు కాగితాన్ని నా మీద పరిచింది. నాకు చీకటైపోయింది. ఇక కలం బరువు తప్ప ఏదీ తెలియదు. పేరు దిగింది. తేదీ దిగింది. తర్వాత ఆ బరువు ఆగిపోయింది. లేదనే రాయి, లేదనే రాయి అని ఆ చీకట్లో నేనూ ప్రాధేయపడ్డాను.

"రాసీయే!" అన్నాడు భాస్కరం.

"నేదని రాసీసి, ఎవులు చెప్పీస్తారోనని రోజూ బితుకుబితుకుమంటా ఆ పిల్లలకి అన్నం ఎలా పెట్టగలనన్నియ్యా?"

మొన దిగింది. 'అవును'. ఆగకుండా కింది వరసకు వెళ్లి ఆసుపత్రి పేరు, వ్యాధి పేరు, చివర 'నయమైనది' రాసింది. సిరా నా దాకా రాలేదు. అక్షరాల గాడి వచ్చింది.

ఆమె కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. లోపలి గుమాస్తా గొంతు వరండాలోకి వినిపించింది. "పదిహేడు... ఏమ్మా, ఇది పొరపాటున రాసినావా? పైవాళ్లు చూస్తే కష్టం. కొత్త కాగితం ఇమ్మంటావా?"

"పొరపాటు కాదండి. అన్నీ సరిగ్గానే రాసినాను. తీసుకోండి."

ఆ గొంతులో వణుకు లేదు. రబ్బరు స్టాంపు పడిన చప్పుడైంది. భాస్కరం మాత్రం బల్ల దగ్గరే కూలబడ్డాడు.

ఆమె వణుకంతా నాలో ఉండిపోయింది. నేను అదురుతుంటే ఫ్యాను గాలి అనుకుని సింహాచలం నా మీద ఒక రాయి పెట్టాడు.