అడుగురేకు మార్చిన ఎర్ర కారు

పిల్లవాడి నోట్లోంచి బొమ్మకారు లాగేసరికి వాడి పెదవి మీద ఎర్రటి పెచ్చు అంటుకుని ఉంది. వేలితో తుడిచి కారును వెలుగులోకి పట్టింది ఆమె. రంగు లేచిన చోట నారింజ పూత!

తిరగేసి చూస్తే అడుగురేకు మీద కంపెనీ పేరు, చుట్టూ గుండ్రటి గీత. ఆ గీత చూసే కదా కొన్నది! ఎనిమిదితో బడి మాని, ఆ కంపెనీలోనే నాలుగేళ్ళు అడుగురేకులకు రివెట్లు కొట్టింది. సీసం కలిసిన రంగూ, దాని కింద వేసే నారింజ పూతా ఆపేసిన ఏడాదే పేరు చుట్టూ గీత వచ్చింది. గీత లేని పాతవాటిని సేకరించి దాచుకోవడానికి పెద్దమనుషులు వేలు పోసి ఎగబడతారు. గీత ఉంటే పిల్లలకు భయం లేదు. మరి ఈ పూతేమిటి? రివెట్టు తల ఉండాల్సిన చోట గోటితో గీకితే జిగురు ఊడివచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

పిల్లవాణ్ణి చంకనేసుకుని కారు కొన్న కొట్టుకు వెళ్ళింది. కొట్టువాడు ఒక ముసలి మాస్టారికి గీత లేని నీలం కారు చూపిస్తున్నాడు.

“ఈ పాత బండికి కొత్త రేకు అతికించావు. దీని రేకేం చేశావు?”

“ఏంటమ్మా, కార్ల చరిత్ర నాకే చెప్తున్నావు? ఎంతవరకు చదివావేంటి?”

“ఎనిమిదే. కానీ రోజుకి రెండు వేల రేకులు బిగించాను. వీడు నాలుగు రోజులుగా సీసం నాకుతున్నాడు, తెలుసా నీకు?”

“పిల్లాణ్ణి డాక్టరుకి చూపించుకో తల్లీ. ఇక్కడ బేరం నడుస్తోంది,” అన్నాడు మాస్టారు విసుగ్గా.

ఆమె ఆయన చేతిలోని నీలం కారు లాక్కుని తిరగేసింది. “ఇదిగో, బేరం! మా మిషను కొడితే రివెట్టు తల బల్లపరుపుగా ఉంటుంది. ఇది సుత్తితో కొట్టిన బుడిపె. రంగు పెచ్చులూడిన పాత బండికి ధర రాదని, దాని రేకు పీకి కొత్త బండికి తొడిగి మీకు అంటగడుతున్నాడు, మాస్టారూ!”

మాస్టారు కారు వెనక్కి తీసుకుని ఆ బుడిపెను వేలితో తడిమాడు. “నా దగ్గర ఇట్లాంటివి పదకొండున్నాయే! అమ్మా, ఒక్కసారి మా ఇంటికొచ్చి చూసిపెట్టవూ?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పసివాడి కడుపులోకి విషం పోయిందంటే చలించని మనిషికి, రేకు మారిందనగానే ప్రాణం విలవిల్లాడింది!

“వస్తాను. ముందు ఈ ఎర్ర కార్లు ఇంకెవరి పిల్లలకి అమ్మాడో చెప్పించండి.”

మాస్టారు చేతికర్ర తలుపుకు అడ్డం పెట్టాడు. “చెప్పవయ్యా!”

“ఎవరని గుర్తుంటుందండీ...” కొట్టువాడు నీళ్ళు నమిలాడు.

“కొత్త సరుకొస్తే చెప్తానని నా నంబరు తీసుకున్నావుగా? వాళ్ళవీ తీసుకునే ఉంటావు. ఫోను తియ్యి,” అంది ఆమె.

వాడు తీసి ఒక నంబరు కొట్టాడు. అవతల ఎవరో ఆడమనిషి పలికింది. “అబ్బే, ఏం లేదండీ, కారు బాగుందా అని...” అని వాడు నసుగుతుంటే ఆమె ఫోను గుంజుకుంది.

“అమ్మా, మీ పిల్లల చేతిలో ఎర్ర కారుందా? ముందది లాక్కోండి. ఏడిస్తే ఏడవనీండి. దాని రంగులో సీసముంది. రేపు పొద్దున మా వాణ్ణి రక్తపరీక్షకి తీసుకెళ్తున్నా. మీరూ రండి, కలిసి వెళ్దాం.”

ఫోను వాడి గుండెల మీద పెట్టింది.

“ఇంకో నంబరు కొట్టు.”